నెల్లూరులో కూర్చుని మెరైనర్స్‌ను అనుసరించాలంటే: ఎమ్ఎల్‌బీ యాప్, టీవీ చందా మీద ఒక సమీక్ష

ఎమ్ఎల్‌బీ అంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్, మెరైనర్స్ అందులో సియాటిల్ జట్టు. ఆ లీగ్ యాప్ ఒకటే అయినా అందులో రెండు అంగళ్లున్నాయి. ముందు గదిలో ఉన్నదంతా ఉచితం: స్కోర్లు, బంతి బంతికీ రాతల్లో నడిచే గేమ్‌డే, జట్ల పట్టికలు, ఎవర్ని తీశారు, ఎవర్ని తెచ్చారు అనే చిట్టా. వెనక గదిలో ఉన్నది ఎమ్ఎల్‌బీ.టీవీ. చందా కడితేనే తలుపు తెరుచుకుంటుంది. కొత్తవాళ్లంతా నేరుగా వెనక గదికే పోతారు. జట్టు ఈసారి అక్టోబరులో జరిగే ప్లేఆఫ్‌ల (చివరి నాకౌట్ పోటీల) దాకా నిలుస్తుందా అని లెక్కలేసుకునే మనిషికి మాత్రం కావాల్సిన సరుకు ముందు గదిలోనే ఉంది, ఒక్క ముఖ్యమైన దినుసు తప్ప. దాని సంగతి కింద చూద్దాం.

చందాకు ముందు గడియారం చూసుకోవాలి. మార్చి చివర నుంచి అక్టోబరు చివరిదాకా అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపే ఉంటాయి. అందుకే సీజనంతా తేడా మారదు: మనం తూర్పు తీరం కన్నా తొమ్మిదిన్నర గంటలు, పడమటి తీరం కన్నా పన్నెండున్నర గంటలు ముందుంటాం. న్యూయార్క్‌లో రాత్రి 7:05 ఆట మనకు తెల్లారుజామున 4:35. సియాటిల్‌లో సాయంత్రం 6:40 ఆట మనకు పొద్దున 7:10. పిచర్ (బంతి విసిరేవాడు) ఇంతలోపు బంతి వేయాలనే పిచ్ క్లాక్ వచ్చాక (పరుగుకు ఆగే బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, వాటిపై ఎవరైనా ఉంటే 18) తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున 2024లో 2 గంటల 36 నిమిషాలకు దిగింది. అంటే కారం దోసె తిని టీ తాగేలోపు మూడు ఇన్నింగ్స్, ట్రంకు రోడ్డులో కొట్లు తెరిచే వేళకు ఆట మొత్తం. న్యూయార్క్ జట్టు యాంకీస్ అభిమానికి ఈ సుఖం లేదు. మన పిల్లలు సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఎక్కువ కాబట్టి మెరైనర్స్ అని కొందరంటారు గానీ, నెల్లూరుకు ఆ జట్టు నప్పడానికి అసలు కారణం గడియారమే.

ఇంకో మేలు ఉంది. సియాటిల్ టీ-మొబైల్ పార్కుకు జరిగే కప్పుంది. వాన పడితే మూసి ఆడతారు. పొద్దున లేచి కూర్చున్నాక ఆట వాయిదా పడిందన్న కబురు వినాల్సిన పని ఉండదు. చిక్కల్లా ఆదివారం మధ్యాహ్నం ఆటలతోనే. అక్కడ 1:10 అంటే మనకు సోమవారం అర్ధరాత్రి దాటాక 1:40. జట్టు హ్యూస్టన్ పోతే 5:40, బోస్టన్, టొరంటో పోతే నాలుగున్నర ప్రాంతం. 162 ఆటల్లో సగం బయటే కాబట్టి అన్నీ ప్రత్యక్షంగా చూస్తానని చందా కడితే డబ్బు దండగ. ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలకు నెలవారీగా కట్టుకోవడం మేలు. అప్పటికి జట్టు బరిలో ఉందో లేదో తెలిసిపోతుంది.

డబ్బు కట్టేటప్పుడు ఎక్కువమంది ఆగిపోయేది కార్డు దగ్గర. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మూసే ఉంటాయి. ముందు బ్యాంకు యాప్‌లో తెరిచి, చిన్న పరిమితి పెట్టి కట్టండి. కట్టాక మళ్లీ మూసేయండి. డాలర్లలో కడితే బ్యాంకు మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ కలుస్తాయి. తానే కొనసాగే చందా ఇది. సీజన్ అయిపోయింది కదా అని మరిచిపోతే వచ్చే సీజన్‌కు మళ్లీ కోత పడుతుంది, కట్టిన రోజే ఆ మీట ఆపేయండి. అమెరికాలో ఉన్నవాళ్ల పెద్ద ఏడుపు స్థానిక జట్టు ఆటలు యాప్‌లో చూపించకపోవడం (బ్లాకౌట్). మనకు ఆ బెడద లేదు. ప్లేఆఫ్ ఆటల షరతులు మాత్రం దేశాన్నిబట్టి వేరు, కట్టే ముందు ఆ పేరా చదవండి.

డేటా లెక్క కూడా వేసుకోవాలి. 5 ఎంబీపీఎస్‌తో వచ్చే వీడియో గంటకు రెండుంపావు జీబీ తింటుంది. ఒక ఆటకు ఆరు జీబీ దాకా. రోజుకు రెండు జీబీ ఫోను ప్యాకుతో మొదటి గంటకే సరి, వైర్ కనెక్షన్ ఉంటేనే వీడియో జోలికి పోవాలి. రేడియో వ్యాఖ్యానం విడిగా తక్కువ చందాకే దొరుకుతుంది, డేటా కూడా నామమాత్రం. బండి మీద కావలి పోతూ వినడానికి అదే సుఖం. వీడియో గేమ్‌డే కన్నా కొంచెం వెనక నడుస్తుంది కాబట్టి నోటిఫికేషన్లు ఆపకపోతే హోమ్‌రన్ (మన సిక్సరు లాంటి దెబ్బ) కళ్లతో చూడకముందే ఫోను గంట కొట్టి చెప్పేస్తుంది. సెట్టింగుల్లో స్కోర్లు దాచే వీలుంది. తెల్లారుజాము ఆటను తర్వాత చూసేవాళ్లు ముందు దాన్ని పెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి, జట్టు పట్టిక. ఐపీఎల్‌లో వేలంలో కొన్న పాతిక మందితోనే దాదాపు సీజన్ గడిచిపోతుంది. బేస్‌బాల్‌లో జట్టంటే నిలకడగా ఉండే మనుషులు కాదు, రోజూ మారే చిట్టా. పెద్ద జాబితా 40 మందిది. అందులో రోజూ ఆడడానికి సిద్ధంగా ఉండేది 26, వాళ్లలో పిచర్లు 13 మించకూడదు. సెప్టెంబరు 1 నుంచి 28 మంది, పిచర్లు 14. యాప్‌లో మెరైనర్స్ పేజీ తెరిచి రోస్టర్‌లోకి పోతే ఈ రెండు జాబితాలూ ఉంటాయి. పక్కనే ట్రాన్సాక్షన్స్ ఉంటుంది. పొద్దునే చదవాల్సింది స్కోరు కాదు, ఇది.

అందులో మాటలు నాలుగైదే, అర్థం తెలిస్తే చాలు. ‘ఆప్షన్డ్’ అంటే 40లోనే ఉంచి కింది జట్టుకు పంపారు. ‘రీకాల్డ్’ అంటే వాణ్ణే పైకి పిలిచారు. ‘సెలెక్టెడ్’ అంటే 40లో లేనివాణ్ణి కొత్తగా చేర్చారు, 40 నిండి ఉంటే వేరే ఎవరికో చోటు పోయినట్టే. ‘డిజిగ్నేటెడ్ ఫర్ అసైన్‌మెంట్’ అంటే 40 నుంచి తీసేశారు. వారంలోపు వాణ్ణి వేరే జట్టుతో మార్పిడి చేసుకోవాలి, లేదా వేవర్స్‌లో (మిగతా జట్ల ముందు పెట్టే జాబితా) పెట్టాలి, అక్కడ వేరే జట్టు ఎగరేసుకుపోవచ్చు. గాయాల జాబితా బ్యాటర్లకు కనీసం 10 రోజులు, పిచర్లకు 15. 60 రోజుల జాబితాలో పెడితే 40లో చోటు ఖాళీ అవుతుంది. గాయం పెద్దదని బాధపడే రోజునే కొత్తవాడికి తలుపు తెరుచుకుంటుందన్నమాట.

యాప్ చెప్పని దినుసు ఇక్కడుంది: ఎవరికి ఎన్ని ఆప్షన్లు (వేవర్స్ లేకుండా కిందికి పంపే అవకాశాలు) మిగిలాయన్నది. ఆటగాడికి మామూలుగా మూడు ఆప్షన్ సంవత్సరాలుంటాయి. సీజన్‌లో మొత్తం 20 రోజులు కింద గడిపితే ఒక సంవత్సరం ఖర్చయినట్టు. ఒకే ఏడాదిలో అయిదుసార్లకు మించి అలా పంపకూడదు. ఒకసారి పంపితే బ్యాటర్ పది రోజులు, పిచర్ పదిహేను రోజులు పైకి రాకూడదు, గాయపడ్డవాడి చోటులోకి అయితే రావచ్చు. మూడూ అయిపోయినవాణ్ణి కిందికి పంపాలంటే వేవర్స్ దాటించాల్సిందే. ఇది తెలియకపోతే సగం నిర్ణయాలు పిచ్చిగా కనిపిస్తాయి. ‘కింది జట్టు టకోమాలో దంచుతున్న కుర్రాణ్ణి వదిలేసి ఈ ముసలాణ్ణి ఎందుకు మోస్తున్నారు?’ అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఒక్కటే: కుర్రాడికి ఆప్షన్లున్నాయి, పెద్దాయనకు లేవు.

పిచర్ల దగ్గర దీని విలువ ఇంకా ఎక్కువ. మెరైనర్స్ ట్రిపుల్-ఏ (పెద్ద లీగ్‌కు ఒక్క మెట్టు కింది) జట్టు టకోమా రైనియర్స్, సియాటిల్ నుంచి యాభై కిలోమీటర్ల దూరం, నెల్లూరు నుంచి కావలి పోయినట్టే. రాత్రి నలభై బంతులేసి అలసిన రిలీఫ్ పిచర్‌కు (ఆట మధ్యలో దిగేవాడికి) ఆప్షన్ ఉంటే పొద్దునే అటు పంపి, తాజా చెయ్యి ఇటు తెస్తారు. అలాంటివాళ్లు ముగ్గురుంటే కాగితం మీద 13 మందైనా చేతిలో 16 మంది ఉన్నట్టు. ఆప్షన్లు లేనివాళ్లతో బుల్‌పెన్ (రిలీఫ్ పిచర్ల దండు) నింపేస్తే చక్రం బిగుసుకుంటుంది. ఒక పొడవాటి ఆట తర్వాత వారం రోజులు అలసిన చేతులతోనే నెట్టుకురావాలి. ఈ వివరం కోసం ఫ్యాన్‌గ్రాఫ్స్ సైటులో రోస్టర్‌రిసోర్స్ పేజీకి పోవాల్సిందే. ఒక్కో ఆటగాడి ఎదుట ఆప్షన్ల సంఖ్య, సర్వీసు కాలం (పెద్ద లీగ్‌లో గడిపిన కాలం) రాసి ఉంటాయి. అదీ ఉచితమే. డబ్బులు తీసుకునే అధికారిక యాప్ దగ్గర ఈ ఒక్క నిలువు వరస లేకపోవడం పెద్ద లోటు.

2025 జులై దీనికి మంచి పాఠం. మెరైనర్స్‌కు మొదటి, మూడో బేసుల్లో బ్యాటు బలహీనం. అరిజోనా నుంచి ముందు జాష్ నేలర్‌ను, ఆటగాళ్ల మార్పిడి గడువుకు ముందు యుహేనియో సువారెస్‌ను తెచ్చారు. అప్పటిదాకా మూడో బేసులో ఆడిన బెన్ విలియమ్సన్ గ్లవ్ (ఫీల్డింగ్) మంచిది, బ్యాటులో పస తక్కువ. ఆప్షన్లుండడంతో అతన్ని ఎవరికీ పోగొట్టుకోకుండా టకోమాకు పంపగలిగారు. ఈ మార్పులు చదివేటప్పుడు ఒక తిరకాసు: చిట్టాలో తేదీ అమెరికాది. ఆ ఏడాది జులై 31 సాయంత్రం తూర్పు తీరం ఆరు గంటల గడువు మనకు ఆగస్టు 1 తెల్లారి 3:30. ఇంకో తేదీ ఆగస్టు 31. అప్పటికి ఆ సంస్థలో లేనివాడు ప్లేఆఫ్ ఆడలేడు. సెప్టెంబరులో ఎవరినో తెచ్చారని సంబరపడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఆశలు లెక్కగట్టే పని చూద్దాం. ఎమ్ఎల్‌బీలో రెండు లీగ్‌లు. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో ఆరు జట్లు ప్లేఆఫ్‌కు పోతాయి: మూడు డివిజన్ల విజేతలు, ముగ్గురు వైల్డ్ కార్డులు (మిగతావాటిలో ఎక్కువ గెలిచినవి). మొదటి ఇద్దరు విజేతలకు తొలి రౌండు విశ్రాంతి. మిగతావాళ్లు మూడు ఆటల సిరీస్, మూడూ పై ర్యాంకు జట్టు ఊళ్లోనే. తర్వాతి రౌండ్లు అయిదు, ఏడు, ఏడు ఆటలవి. మెరైనర్స్ ఆడే అమెరికన్ లీగ్‌లో చివరగా లోపలికొచ్చిన జట్టు గెలుపులు 2022లో 86, 2023లో 89, 2024లో 86, 2025లో 87. కాబట్టి 90ని గీతగా పెట్టుకుంటే నిశ్చింత, 88 అయితే గుండె దడే. మెరైనర్స్ 2023లో సరిగ్గా 88, 2024లో 85. రెండుసార్లూ ఒక్క ఆటతో బయటే నిలబడ్డారు. 2025లో 90 కొట్టి డివిజన్ గెలిచారు.

ఆగస్టు చివర్లో పెన్ను పట్టుకుని ఇలా చేయండి. 73 గెలుపులున్నాయి, 26 ఆటలు మిగిలాయి అనుకుందాం. 88కి 15 గెలవాలి, 11 ఓడొచ్చు. ఆ 26లో సొంత డివిజన్ జట్లతో ఎన్ని ఉన్నాయో చూడండి, ఒక్కో జట్టుతో ఏడాదికి 13 ఉంటాయి. టై అయితే ఇప్పుడు విడిగా ఆట లేదు, ముఖాముఖి గెలుపులే తేలుస్తాయి. 2025లో డెట్రాయిట్, హ్యూస్టన్ రెండూ 87 దగ్గర ఆగితే ముఖాముఖిలో పైచేయిగా ఉన్న డెట్రాయిట్ లోపలికి, హ్యూస్టన్ ఇంటికి. స్టాండింగ్స్ పట్టీని నమ్మి కూర్చోకుండా షెడ్యూల్ పేజీలో మన జట్టు, పోటీ జట్టు తమలో తాము ఆడిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. శాతాలు కావాలంటే ఫ్యాన్‌గ్రాఫ్స్ ప్లేఆఫ్ ఆడ్స్ ఉంది, మిగిలిన సీజన్‌ను 20,000 సార్లు ఆడించి చెబుతుంది. రోజూ చూస్తే తలనొప్పి, వారానికోసారి చాలు. అందులో 60 శాతం అంటే పది సీజన్లలో నాలుగు పోయినట్టేనని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ప్లేఆఫ్‌లో 26 మందిని ప్రతి సిరీస్‌కూ మళ్లీ ఎంచుకోవచ్చు. 2025లో ఛాతీ కండరం పట్టేసిన పిచర్ బ్రయన్ వూను డెట్రాయిట్ సిరీస్‌కు పక్కన పెట్టి టొరంటో సిరీస్‌కు చేర్చారు. ఆ ఏడో ఆట అక్టోబరు 20 రాత్రి, మనకు దీపావళి మర్నాటి పొద్దు. ఏడో ఇన్నింగ్స్‌లో వూ ఇద్దర్ని బేసులెక్కించాక రిలీఫ్ పిచర్ బజార్డో వచ్చాడు, టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు, 4-3. ఆట ముగించే పిచర్ (క్లోజర్) మున్యోస్ ఆ సమయంలో బుల్‌పెన్‌లోనే ఉన్నాడు. పదీ పదిహేను నిమిషాల కుదింపు వీడియోలో స్ప్రింగర్ దెబ్బ మాత్రమే కనిపిస్తుంది. ఎవర్ని ఎప్పుడు తెచ్చారు, ఎవరు మిగిలి ఉన్నారన్నది గేమ్‌డేలో ఆట వరస తెరిస్తేనే తెలుస్తుంది. అందుకే కుదింపు వీడియో చూసి మేనేజర్‌ను తిట్టకండి, వరస చదివి తిట్టండి.

ఎమ్ఎల్‌బీ గణాంకాల సైటు బేస్‌బాల్ సావంట్ గురించి రెండు ముక్కలు: ఉచితం, బంతి వేగం, బ్యాటు తాకిడి అన్నీ ఉంటాయి, ఫోనులో కన్నా కంప్యూటర్‌లో బాగుంటుంది.

చివరగా వాతావరణం. అమెరికాలో ఆట ముదిరే అక్టోబరులోనే మనకు ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరానికి వస్తుంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వాన దంచింది. అదే పొద్దున అయిదున్నరకు మొదలైన ప్రపంచ సిరీస్ (ఫైనల్) మూడో ఆట 18 ఇన్నింగ్స్ సాగి మధ్యాహ్నం పన్నెండు దాటాక డాడ్జర్స్ 6-5 గెలుపుతో ముగిసింది. అలాంటి రోజు హెచ్‌డీ వీడియో మీద ఆశ పెట్టుకోవద్దు. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి, ఫోను నిండా చార్జి పెట్టండి, కరెంటు పోతే రేడియోకు, సిగ్నల్ సన్నబడితే గేమ్‌డేకు మారండి. రెండు గీతల సిగ్నల్ ఉన్నా అది నడుస్తుంది.