తెగిపోయి మనసు గెలిచిన కీ: మోవర్ ఇంజిన్ కొన్నేళ్లు వాడాక

హార్స్‌పవర్ ఎంత, బ్లేడు వెడల్పెంత అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వదిలేస్తున్నా. నేను చెప్పాల్సింది గడ్డి కోసే ఈ మోవర్ చిన్న పెట్రోలు ఇంజిన్‌లో, షాఫ్ట్ మీద తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ లోపల దాగి ఉండే వేలి గోరంత కీ గురించి. తాళంచెవి కాదు, షాఫ్ట్ గాడిలోనూ ఫ్లైవీల్ గాడిలోనూ ఇమిడి రెంటినీ ఒకే వరసలో ఉంచే లోహపు ముక్క.

గడ్డిలో కనబడని మొద్దు ఒకటి బ్లేడుకు తగిలింది. ఠంగుమని చప్పుడు, ఇంజిన్ ఆగిపోయింది. మళ్లీ తాడు లాగితే చేతిలోంచి వెనక్కి గుంజేస్తోంది. ప్లగ్ విప్పి చూస్తే స్పార్క్ నీలంగా, గట్టిగా ఉంది. పెట్రోలు అందుతోంది, కంప్రెషనూ (సిలిండర్‌లో నొక్కుడు) బాగుంది. మూడూ ఉండి స్టార్ట్ కావడం లేదంటే అనుమానం టైమింగ్ మీదికే, అంటే స్పార్క్ పడే సమయం మీదికే పోతుంది.

ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టి, పై కవరు విప్పి, ఫ్లైవీల్‌ను ఊడబీకే పనిముట్టు పుల్లర్‌తో దాన్ని లేపాను. షాఫ్ట్ గాడికీ ఫ్లైవీల్ గాడికీ పొంతనే లేదు. మధ్యలో కీ అడ్డంగా తెగి పక్కకు జరిగి ఉంది. బ్లేడు ఆ షాఫ్ట్‌కే (క్రాంక్ షాఫ్ట్) బిగించి ఉంటుంది కదా, షాఫ్ట్ ఠక్కున ఆగినా బరువైన ఫ్లైవీల్ తన ఊపులో కాస్త ముందుకు తిరిగింది. దాని అయస్కాంతం స్పార్క్ పుట్టించే కాయిల్ ముందుకు త్వరగా వచ్చేస్తోంది, పిస్టన్ పైకి చేరడానికి మరీ ముందే స్పార్క్ పడుతోంది. తాడు వెనక్కి గుంజింది అందుకే! కీని మెత్తటి లోహంతో చేశారు కాబట్టి అదే తెగింది, షాఫ్ట్ గాడి అంచులు చెక్కుచెదరలేదు. దీని బదులు ఉక్కు కీ వేయమని ఎవరైనా అంటే వినకండి.

కొత్త కీ పెట్టేముందు షాఫ్ట్ మీద ఫ్లైవీల్ కూర్చునే ఏటవాలు భాగాన్ని నూనె జిడ్డు లేకుండా తుడిచాను. నట్టు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. తర్వాతి పని నాకు భలే ఇష్టం. కాయిల్ స్క్రూలు వదులు చేసి, అయస్కాంతం ఎదురుగా విజిటింగ్ కార్డు పెడితే కాయిల్ తనంతట తనే వచ్చి అతుక్కుంటుంది. స్క్రూలు బిగించి కార్డు లాగేస్తే దాదాపు 0.25 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. మొదటి లాగుడుకే అందుకుంది.

అయితే కీ తెగినంత మాత్రాన షాఫ్ట్ వంగలేదని కాదు. ప్లగ్ తీసేసి, బ్లేడును చేత్తో నెమ్మదిగా తిప్పి, రెండు కొసలూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయో లేదో చూసుకోవాల్సిందే. ఒక్క లాగుడుకే స్టార్టవుతుందని ఇంతకుముందు అందరికీ చెప్పేవాణ్ణి, అది తాజా పెట్రోలుకే. నెలల తరబడి ట్యాంకులో ఉంచేస్తే జిగురు పట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం (జెట్) మూసుకుపోతుంది.

నాది చదునైన చిన్న నేల, స్పానర్ పట్టడం నాకు సరదా, కాబట్టి దీన్ని మార్చే ఆలోచన లేదు. రాళ్లూ మొదళ్లూ ఉన్న చోటైతే, పుల్లరూ రెండు మూడు కీలూ దగ్గరుంచుకునే ఓపిక ఉంటేనే తీసుకోండి.