పాత గీతలు, కొత్త కట్టుబడి: ఒక సిక్స్ మీటర్ పోటీ పడవ నకలుతో దీర్ఘకాల అనుభవం

ఇక్కడ సమీక్షిస్తున్నది 1930ల చివరి నాటి ఒక సిక్స్ మీటర్ పోటీ తెరచాప పడవ నమూనా చిత్రపు గీతలను అనుసరించి కట్టిన నకలు. అప్పటి పక్కటెముకలూ పలకల పద్ధతిని వదిలి, దేవదారు పట్టీల మీద పలుచని మహాగని పొరలను ఐమూలగా పరచి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో అతికించి దీనిని తయారుచేశారు. కట్టుబడి దశలోనే తోడుగా ఉండి, ఆ తర్వాత పలు సీజన్లు ఐదుగురి బృందంలో చుక్కాని పట్టిన అనుభవంతో ఇది రాస్తున్నాను. నకలు పడవ విలువను తేల్చేది గీతల కచ్చితత్వం కంటే కూడా బరువు ఎంత, ఎక్కడ ఉంది అన్న లెక్కేనని ఈ కాలమంతా నాకు రుజువవుతూ వచ్చింది.

పడవ పొడవు పది మీటర్లు దాటుతుంది, నడుము వెడల్పు రెండు మీటర్లకు లోపే. వర్గం పేరులోని ఆరు మీటర్లు 1933 నాటి మూడవ అంతర్జాతీయ నియమం ప్రకారం వచ్చే కొలత: నీటిగీత వద్ద సవరించిన పొడవు, చుట్టుకొలతల తేడాకు (పొట్ట వంపు వెంబడి కొలిచినదానికీ, తాడు బిగించి లాగి కొలిచినదానికీ ఉన్న తేడా) రెట్టింపు, తెరచాపల వైశాల్యపు వర్గమూలం, ఈ మూడింటినీ కూడి, నీటి పైనున్న అంచు ఎత్తును తీసివేసి, 2.37తో భాగిస్తే ఆరు దాటకూడదు. 1908 నుంచి 1952 వరకు ఒలింపిక్స్‌లో పందేలు నడిచిన వర్గమిది. నియమం ఇలా ఉన్నందునే ముందూ వెనకా నీటి మీదికి పొడుచుకొచ్చిన కొనలు ఏర్పడ్డాయి. నిలకడగా ఉన్నప్పుడు నీటిగీత పొట్టిగా ఉండి కొలతలో కలిసొస్తుంది. గాలికి పడవ ఒరగగానే ఆ కొనలు నీటిలోకి దిగి, తేలే పొడవు పెరిగి, దానితోపాటు వేగపు పరిమితీ పెరుగుతుంది.

కొత్త కట్టుబడి చేసిన గొప్ప మేలు బిగువు. పలకల పడవ ఒడ్డున ఎండితే అతుకులు విచ్చుకుంటాయి, నీటిలో దించాక కొయ్య ఉబ్బి అవి మూసుకునే దాకా నీళ్లు తోడుతూ కూర్చోవాలి. అంతకంటే పెద్ద చిక్కు, మాస్టును, అంటే తెరచాపలు మోసే స్తంభాన్ని, ముందుకు పట్టి ఉంచే ఉక్కు తీగను బిగించినకొద్దీ పడవ కొనలు పైకి వంగి, ఆ తీగ మళ్లీ సడలడం. ముందు తెరచాప అంచు సడలితే గాలికి ఎదురెక్కే కోణం చేజారినట్టే. మా పడవ ఒకే గుల్లగా ఉన్నందున, సీజన్ మొదట్లో బిగించిన బిగువు చివరి పందెం దాకా దాదాపు అలాగే నిలుస్తోంది. ఇంతకాలంలో అతుకుల గుండా చుక్క నీరు రాలేదు. ఈ ఒక్క కారణానికే కొత్త పద్ధతిని ఎంచుకోవచ్చని నా అభిప్రాయం.

అయితే ఆ గుల్ల పాత దానికన్నా బాగా తేలిక, అసలు చిక్కు మొదలయ్యేదీ అక్కడే. పాతకాలంలో నౌకా నిర్మాణ ప్రమాణాల సంస్థ లాయిడ్స్ రిజిస్టర్ నిర్దేశించిన మందాలతో పలకలు, పక్కటెముకలు వేసేవారు కనుక పడవ బరువులో గణనీయమైన భాగం పొట్ట పొడవునా పరుచుకుని ఉండేది. అంత బరువు తగ్గిన నకలును నీటిలో దించితే అది పైకి తేలుతుంది, నీటిగీత పొట్టిదవుతుంది, కొలత తప్పుతుంది. కాబట్టి తగ్గిన బరువును తిరిగి చేర్చక తప్పదు. అంతా కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే భాగం) సీసంలో చేరిస్తే పడవ నిటారుగా నిలబడుతుంది, కాగితం మీద అది లాభమే. నీటి మీద మాత్రం అలలో విసురుగా ఊగుతుంది, మాస్టు మీదా పక్క తీగల మీదా ఒత్తిడి పెరుగుతుంది. మితమైన గాలిలో తగినంత ఒరగదు కాబట్టి ఆ పొడవాటి కొనల ప్రయోజనమూ అందదు. మా నిర్మాతలు కొంత కీల్‌లోనూ, మిగిలినది లోపల నడిమి భాగంలో సీసపు దిమ్మెలుగానూ పెట్టారు. తర్వాత దిమ్మెలను అటూ ఇటూ జరిపి చూసుకునే వీలుండడం ఎంతో ఉపయోగపడింది. కొనల దగ్గర బరువు తగ్గినందున ఎదురు అలల్లో ముక్కు పైకీ కిందికీ కొట్టుకోవడం పాత పడవలకన్నా తక్కువ, ఇది నేను ఊహించని లాభం.

మాస్టు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కార్బన్ మాస్టు పెట్టిన మరొక నకలును నడిపి చూశాను. చురుకుగానే ఉంది, కానీ గాలి విసురుకు ఒరిగి, వేగం పుంజుకునే ఆ నెమ్మదైన తీరు అందులో లేదు. మాది స్ప్రూస్ అనే తేలికపాటి కొయ్యతో చేసిన బోలు మాస్టు, అతుకులు మాత్రం ఎపాక్సీవి. వార్నిష్ శ్రమ ఉన్నా దానినే ఉంచుకోమంటాను.

పెద్ద పడవల్లోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. 1937లో అమెరికా కప్ అనే ప్రసిద్ధ పడవ పోటీ గెలిచి 1941లో తుక్కుగా మారిన, జె వర్గం అనే భారీ పోటీ పడవల కోవకు చెందిన రేంజర్‌కు 2003లో ఉక్కుతో నకలు వచ్చింది. ఆ పోటీలో దానికి ప్రత్యర్థి అయిన ఎండెవర్ 2 గీతలతో 2009లో అల్యూమినియంతో కట్టిన పడవకు హనుమాన్ అని పేరు పెట్టారు. ఇంజిన్లు, నివాసపు గదులు చేరాక అక్కడ బరువు లెక్క ఇంకా జటిలమవుతుంది.

నడకలో మారనివి మారలేదు. పడవ అంచు తక్కువ కనుక ఒళ్లంతా తడుస్తుంది, లోపల కాలు చాపుకునే చోటు ఉండదు, పొడవాటి కీల్ వల్ల తిరగడానికి విశాలమైన జాగా కావాలి.

నిర్వహణ సులభమని చెప్పేవారిని పూర్తిగా నమ్మవద్దు. పని తగ్గింది, జాగ్రత్త మాత్రం పెరిగింది. సూర్యరశ్మికి ఎపాక్సీ చెడుతుంది కాబట్టి పైనున్న వార్నిష్ పొర పలచబడక ముందే మళ్లీ పూయాలి. ముదురు రంగు వేస్తే ఎండకు పొట్ట వేడెక్కి ఎపాక్సీ మెత్తబడి, కింది పట్టీల గీతలు పైకి కనిపిస్తాయి. మేము తెలుపుకే కట్టుబడ్డాం. అన్నిటికన్నా ప్రమాదం డెక్ మీది స్క్రూల రంధ్రాలది. అక్కడ లోపలికి దిగిన నీటికి బయటికి వచ్చే దారి ఉండదు, కొయ్య కనిపించకుండా కుళ్లుతుంది. ప్రతి రంధ్రాన్నీ వెడల్పుగా తొలిచి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక అందులో మళ్లీ తొలవడమే సరైన పద్ధతి. కీల్ బోల్టులు కంచువి అడగండి. గాలి తగలని తడి కొయ్యలో స్టెయిన్‌లెస్ ఉక్కు సందుల్లో తినేసుకుపోతుంది, పైనుంచి చూస్తే మెరుస్తూనే ఉంటుంది. ఏ బోల్టు అయినా కొన్ని సీజన్లకు ఒకదాన్ని బయటికి లాగి చూడగలిగేలా లోపలి ఏర్పాటు ఉండాలని నిర్మాణ దశలోనే పట్టుబట్టాలి, తర్వాత చేయించాలంటే పడవ లోపలి నేలపలకలను కోయాల్సి వస్తుంది.