రాఫ్టింగ్‌కని తిరుపతిలో లైఫ్ జాకెట్లు కొంటున్నారా? ముందు బావిలో వేసి చూడండి

కర్ణాటకలోని దాండేలిలో రాఫ్టింగ్‌కు, అంటే రాళ్ల నదిలో గాలి పడవ మీద పోవడానికి, పోయిన నెల మన తిరుపతిలోనే ఒక షాపులో నాలుగు లైఫ్ జాకెట్లు, నాలుగు హెల్మెట్లు కొన్నాను. సెట్టు 1,450, మొత్తం 5,800 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి, అవి వేసుకుని నదిలో దిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. షాపు పేరు రాయడం లేదు. అదే సరుకు ఊళ్లో ఇంకో రెండు చోట్ల కూడా వేలాడుతుండగా చూశాను, కాబట్టి మీరు గుర్తుపట్టాల్సింది సరుకునే.

అసలు సొంత జాకెట్లు ఎందుకంటే, రాఫ్టింగ్ వాళ్లిచ్చేవి ముందు బ్యాచ్ వేసుకుని విప్పినవి, తడిసి కంపు కొడతాయని మా బావమరిది గోల. షాపాయన లేబుల్ చూపించి, "ఇది ఏసుకుంటే మునగమన్నా మునగరు సామీ. చూడండి, వంద కేజీలని రాసుండాది" అన్నాడు. నేనూ తలాడించాను. ఆ వంద కేజీలు వేసుకునే మనిషి బరువట! జాకెట్ ఎంత తేలుస్తుందో దాన్నిబట్టి తెలియదు. నీళ్లలో మన ఒళ్లు చాలావరకు దానంతట అదే తేలుతుంది. తల పైన నిలవడానికి ఇంకో ఐదు కిలోల దాకా ఊతం కావాలి, అంతే. అందుకే ఐఎస్ఓ 12402-5 అనే ప్రమాణంలో పెద్దవాళ్ల జాకెట్‌కు 50 న్యూటన్లు అని ఉంటుంది. న్యూటన్ అంటే తేల్చే బలానికి కొలత, 50 అంటే సుమారు ఐదు కిలోలు. రాళ్ల మధ్య నురగలు కక్కే నీళ్లలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి నీటికి మనిషిని తేల్చే బలం ఇంకా తగ్గుతుంది. అక్కడికి 50 కంటే ఎక్కువ ఉంటేనే నయం. మా లేబుల్ మీద న్యూటన్ అన్న మాటే లేదు.

మా అత్తగారిది చంద్రగిరి దగ్గర పల్లె. తోటలో మెట్ల బావి ఉంది. ట్రిప్పుకు ముందు ఆదివారం సరదాకి ఒకసారి వేసి చూద్దామని పోయాం. సరదాకే సుమా, అనుమానం వచ్చి కాదు. బావమరిది 78 కిలోలు, ఈతగాడు. అయినా నడుముకు మోకు కట్టి, చివర నేను పట్టుకుని దింపాను. దిగాడో లేదో జాకెట్ చెవుల దాకా లేచిపోయింది. గడ్డం దాని అంచులో ఇరుక్కుంది, ముక్కు నీళ్లను తాకుతోంది. తొడల మధ్యగా వచ్చే పట్టీ లేదు, నడుము పట్టీ ఎంత లాగినా జారుతోంది. "ఏం బావా, ఇది నన్ను తేలుస్తా ఉండాదా, గొంతు పిసుకుతా ఉండాదా?" అన్నాడు. పైకి వచ్చాక బకిల్ గట్టిగా లాగితే టప్పున విరిగి ఒక ముక్క నా చేతిలోకొచ్చింది.

అప్పుడు పట్టుదల వచ్చింది. టమోటాలు తూచే ఇనుప రాళ్లు తెచ్చి ఇంకో జాకెట్‌కు కట్టాం. ఇది మీరూ చేయొచ్చు. ఇనుము నీళ్లలో కొంచెం తేలికవుతుంది, అందుకని ఐదు కిలోల పరీక్షకు ఆరు కిలోల రాళ్లు కట్టాలి. ఆరు కట్టగానే బుడుంగున దిగిపోయింది. నాలుగుతో తేలింది కానీ, పావుగంటకు అదీ మెల్లగా కిందికి పోయింది. ఎందుకో చూద్దామని బ్లేడుతో కుట్లు విప్పాను. పైన ఒక పొర టీవీ పెట్టెల్లో వచ్చే తెల్ల ఫోమ్ షీటు. దాని వెనకంతా పరుపుల స్పాంజి ముక్కలు, పసుపు ఒకటి, గులాబీ ఒకటి. పిండితే నీళ్లు ధారగా కారాయి. అసలైన జాకెట్‌లో ఫోమ్ నీళ్లు పీల్చదు.

హెల్మెట్లు సైకిల్ రకం. లోపల థర్మోకోల్, ఒక్క దెబ్బకే పగిలిపోతుంది. రాళ్ల మధ్య తల ఒక్కసారే తగులుతుందని గ్యారంటీ ఏముంది? నదికి వాడే హెల్మెట్‌కు ఈఎన్ 1385 అని వేరే యూరప్ ప్రమాణమే ఉంది.

హరిప్రియ ఎక్స్‌ప్రెస్‌లో ధార్వాడ్ దాకా పోయి, అక్కడి నుంచి కారులో దాండేలి చేరాం. కాళీ నదిలో నీళ్లు సూపా డ్యామ్ నుంచి వదిలేదాన్నిబట్టి ఉంటాయి. వాళ్లిచ్చిన జాకెట్లు కంపు కొట్టిన మాట నిజమే. కానీ గైడు ప్రతి ఒక్కరి పట్టీలు బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. చెవుల దాకా లేస్తే మళ్లీ బిగించడమే. ఈ ఒక్క పరీక్ష షాపులోనే చేసుకుని ఉంటే నా 5,800 మిగిలేవి. ఎక్కడికి పోయినా మీ గైడు ఇది చేయకపోతే అడిగి చేయించుకోండి.

ఇంకో ముక్క చెప్పాడు, మనవాళ్లకు ఇది మరీ అవసరం. పడవలోంచి పడితే వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాచి, కాలివేళ్లు నీళ్ల పైన కనబడేలా ఉంచాలి. ప్రవాహంలో లేచి నిలబడొద్దు. మనం ఈత నేర్చిందంతా బావుల్లో, చెరువుల్లో. స్వర్ణముఖిలో దిగినా కాళ్ల కింద ఇసుకే. కాలికి నేల తగిలితే బతికాంరా అని నిలబడటం మన అలవాటు. రాళ్ల నదిలో అదే ప్రాణం మీదికి తెస్తుంది. పాదం రెండు రాళ్ల సందులో ఇరుక్కుంటే, వెనక నుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. మోకాలి లోతు నీళ్లలో కూడా మనుషులు పోయేది ఇలాగే. అలా ఇరుక్కున్నాక ఎంత మంచి జాకెట్ వేసుకున్నా లాభం లేదు.

తిరిగొచ్చాక షాపుకు పోతే, "తడిపిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. బిల్లు అడిగితే ఎస్టిమేట్ చీటీ చూపించాడు, దాంట్లో "స్పోర్ట్స్ ఐటమ్స్" అని మాత్రమే ఉంది. ఇది నా పొరపాటు. జీఎస్టీ బిల్లు మీద జాకెట్ పేరు, మోడల్ రాయించుకోండి. యూపీఐలో కట్టిన రసీదు ఉంది కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఆ సంగతి తెలిశాక హెల్మెట్ల డబ్బు మాత్రం తిరిగిచ్చాడు. జాకెట్లది తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను, ఐదు లక్షల లోపు సరుకైతే అక్కడ ఫీజు కూడా లేదు.

కుట్లు విప్పిన జాకెట్‌ను, బకిల్ విరిగినదాన్ని సాక్ష్యానికి దాచాను. మిగిలిన రెండూ మా అత్తగారు టమోటా క్రేట్ల కింద పరుచుకున్నారు.