కుకీల పెట్టెకు మన బదులు జవాబిచ్చే కన్సెంట్-ఓ-మాటిక్

2018 మే 25న ఐరోపా సమాఖ్యలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్ అమలులోకి వచ్చిన తరువాత, చాలా వెబ్‌సైట్లలో కుకీలకు (సైట్లు మన బ్రౌజరులో దాచుకునే చిన్న ఫైళ్లకు) అనుమతి అడిగే పెట్టె ముందుగా ఎదురుకావడం, చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేయడం మనకు అలవాటైపోయింది. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన కన్సెంట్-ఓ-మాటిక్ అనే, బ్రౌజరుకు జోడించుకునే ఉచిత ఎక్స్‌టెన్షన్ సరిగ్గా ఆ అలవాటునే మారుస్తుంది. ఏ రకం కుకీలకు సమ్మతిస్తామో సెట్టింగుల్లో ఒక్కసారి చెబితే చాలు, తనకు తెలిసిన పెట్టె కనిపించినప్పుడల్లా అది మన తరఫున మీటలను ఆ ప్రకారం మార్చి, పెట్టెను మూసేస్తుంది. పెట్టెను కంటికి కనబడకుండా దాచే ఫిల్టర్లకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది: దాచినప్పుడు సైటుకు ఏ జవాబూ అందదు, కొన్నిచోట్ల పేజీ కదలక మొరాయిస్తుంది కూడా, ఇది మాత్రం మన నిరాకరణను సైటుకు తెలియజేస్తుంది.

దీన్ని వాడడం మొదలుపెట్టాక, పెట్టెను చూసి విసుగుతో వెనక్కి వచ్చేసే పేజీలను ఇప్పుడు నిలకడగా చదువుతున్నాను. అయితే దీనికి నియమాలు రాయని పెట్టె ఎదురైనప్పుడు, నిరాకరించే మీట కోసం వెతికే ఓపిక నాలో మునుపటికన్నా తగ్గిందని ఒప్పుకోవాలి (సుఖానికి అలవాటుపడిన వేలు కదా!). ఇది పనిచేయాలంటే మనం తెరిచే పేజీలను చదివే అనుమతి దీనికి ఇవ్వవలసి ఉంటుంది. సోర్సు కోడ్ బహిరంగంగా ఉన్నందువల్లనే నేను అందుకు సిద్ధపడ్డాను. కుకీలతో పనిలేకుండా, మన పరికరం, బ్రౌజరు లక్షణాలను బట్టి మనల్ని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింటింగును ఇది ఆపదు, అందుకు వేరే సాధనం ఉండాలి.