లీప్‌జిగ్‌లో వుంట్ గారి సమాధి, మా 35 యూరోలు

మా ఆవిడ హైదరాబాద్‌లో పన్నెండేళ్లు టెట్, డీఎస్సీ కోచింగ్‌లో సైకాలజీ చెప్పింది. ఏ బ్యాచ్‌కైనా మొదటి రోజు మొదటి బిట్ ఒకటే, మొట్టమొదటి మనోవిజ్ఞాన ప్రయోగశాల ఎవరు ఎక్కడ ఎప్పుడు పెట్టారు, జవాబు విల్‌హెల్మ్ ఊంట్, లీప్‌జిగ్, 1879. ప్రతి బ్యాచ్‌లో ఒకడు లేచి "ఊంట్ అంటే హిందీలో ఒంటె కదా మేడమ్" అనేవాడట. ఆమె తమ్ముడు (ఇకపై మావాడు) జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చేస్తుంటే చూడ్డానికి 2025 అక్టోబర్‌లో వెళ్లాం, అంత దగ్గరికొచ్చి లీప్‌జిగ్ చూడకుండా వెళ్తానా అని పట్టుబట్టింది. సరే అన్నాను, తప్పు అక్కడే జరిగింది, ఎందుకంటే రూమ్ బుక్ చేసింది నేనే.

రెండు రాత్రులకి 148 యూరోలు, పైన క్లీనింగ్ ఫీజు 35. రిసెప్షన్ ఉండదు, గేటు పక్కన చిన్న డబ్బాలో తాళం, డబ్బా తెరిచే కోడ్ మూడింటికి మెసేజ్‌లో వస్తుంది అన్నారు. మూడైంది, నాలుగైంది, సన్నగా తుంపర మొదలైంది, మేం ముగ్గురం, రెండు సూట్‌కేసులు, ఒక గోంగూర పచ్చడి డబ్బా, అన్నీ గేటు ముందే. హెల్ప్‌లైన్‌కి చేస్తే మ్యూజిక్. మావాడు జర్మన్‌లో ఏదో గట్టిగానే మాట్లాడాడు కానీ అవతల మనిషే లేడు పాపం. మా ఆవిడ సూట్‌కేసు మీద కూర్చుని "ఈ ఊళ్లోనే కదండీ మనిషికి చప్పుడు వినిపించాక మీట నొక్కడానికి ఎంతసేపు పడుతుందో హిప్ క్రోనోస్కోప్ అనే గడియారం పెట్టి సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచింది, వీళ్లని కొలవాలంటే క్యాలెండర్ కావాలి" అంది. కోడ్ 5:40కి వచ్చింది. లోపల బాత్రూమ్ జాలీలో ఎవరివో వెంట్రుకలు, వంటగట్టు కింద నిండిపోయిన చెత్తబుట్ట. 35 యూరోలు దేనికి తీసుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మనిషి కూర్చునే రిసెప్షన్ ఉన్న హోటల్ తీసుకోండి, ఇరవై యూరోలు ఎక్కువైనా పర్లేదు.

మర్నాడు శనివారం, యూనివర్సిటీ మూసేసి ఉంది, ఆ సంగతి చూసుకోవాల్సింది మావాడు. అయినా అసలు ల్యాబ్ ఎలాగూ లేదు, ఆ బిల్డింగ్ 1943 డిసెంబర్ బాంబింగ్‌లో పోయింది. ఆగస్టస్ ప్లాట్జ్‌లో కొత్త అద్దాల బిల్డింగ్ ముందు మా ఆవిడ ఐదు నిమిషాలు ఊరికే నిలబడింది. వుంట్ పుస్తకాలన్నా చూద్దామంటే సొంత లైబ్రరీలో పెద్ద భాగం జపాన్‌లో సెండాయ్‌లో ఉన్న తోహోకు యూనివర్సిటీ కొనుక్కుపోయిందట. మావాడు "అయితే అక్కా, మనం చూడ్డానికొచ్చింది ఏంటి?" అన్నాడు, దానికి తర్వాత గంటసేపు మాటల్లేవు.

ఆ గంటని కాపాడింది లైప్‌జిగర్ లెర్షె అనే బేకరీ తిండి. పేరుకి భరతపిట్ట, ఒకప్పుడు నిజంగానే ఆ పిట్టల్ని కాల్చి తినేవాళ్లు, 1876లో వేట నిషేధించాక బేకరీవాళ్లు బాదం, జామ్ పెట్టి ఇలా చేస్తున్నారు. వుంట్ ఇక్కడికి ప్రొఫెసర్‌గా వచ్చింది 1875లో, అంటే ఆయన అసలు పిట్ట తిన్నాడేమో అని మావాడి డౌటు. ఒక్కోటి 3 యూరోలు, మనం పొద్దున టిఫిన్ మానేసినా పర్లేదు అంత కడుపు నిండుతుంది.

15 నంబర్ ట్రామ్ ఎక్కి నెపోలియన్ ఓడిన యుద్ధానికి గుర్తుగా కట్టిన 91 మీటర్ల నల్ల స్మారకం దగ్గర దిగితే పక్కనే స్యూడ్‌ఫ్రీడ్‌హోఫ్. శ్మశానం అంటే మన లెక్కలో అనుకోకండి, పెద్ద అడవిలా ఉంటుంది, ఉడతలు తిరుగుతుంటాయి, టికెట్ లేదు. నలభై నిమిషాలు వెతికాక ఆకులు ఊడ్చే ఆయన చెయ్యి చూపించాడు. పాత రాయి, దాని మీద వుంట్, భార్య సోఫీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మావాడు అక్షరం అక్షరం చదివాడు, "గాట్ ఇస్ట్ గైస్ట్" దగ్గర ఆగి "దేవుడు ఆత్మ... లేదా మనసు... గైస్ట్ అంటే రెండూ అక్కా" అన్నాడు. మనసుని ల్యాబ్‌లో పెట్టి కొలిచినాయన సమాధి మీద ఆ మాట. ఇంకో సంగతి, జర్మన్‌లో ఆయన పేరు వుంట్, ఊంట్ కాదు. పన్నెండేళ్ల బ్యాచ్‌లు గుర్తొచ్చాయేమో మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఆ రాయి ముందే మాకు క్లాసు కూడా పీకింది, కలకత్తాలో మన మొదటి సైకాలజీ ల్యాబ్ పెట్టిన సేన్‌గుప్తా హార్వర్డ్‌లో మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదివాడు, మున్‌స్టర్‌బర్గ్ వుంట్ శిష్యుడు, అంటే గురువుగారి గురువు అన్నమాట. చెప్తూ చెప్తూ చున్నీతో రాయి మీద ఆకు తుడిచింది.

ఆదివారం రీజనల్ ట్రైన్‌లో గ్రోస్‌బోటెన్, వుంట్ 88 నిండిన పదిహేను రోజులకి 1920లో చనిపోయిన ఊరు. ఇల్లు బయటి నుంచే చూశాం, అంతే. టికెట్ మాత్రం డ్యుచ్‌లాండ్ టికెట్ తీసుకోండి, 2025లో నెలకి 58 యూరోలు ఉండేది, లోకల్ ట్రైన్లు ట్రాములు అన్నీ అందులోనే, కాకపోతే పదో తారీఖు లోపల క్యాన్సిల్ కొట్టకపోతే వచ్చే నెల డబ్బులు కూడా లాగేస్తారు.

క్లీనింగ్ ఫీజు వెనక్కివ్వమని ఫొటోలతో మూడు మెయిల్స్ పెట్టాను. మూడిటికీ "మీ మెయిల్ అందింది" అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, అది మాత్రం సెకను లోపే.