హక్కైసాన్‌తో నాలుగు చలికాలాలు

టోక్యో వచ్చిన కొత్తలో ఆఫీసు పార్టీలో ఎవరో హక్కైసాన్ అనే సాకే (బియ్యంతో చేసే జపనీస్ మద్యం) పోస్తే, "ఇదేంటి, ఉత్త నీళ్ళలా ఉంది" అనుకున్నాను. అంతకుముందు తాగిన గింజో రకం సాకేలు పండ్ల వాసనతో గుప్పుమనేవి. దీంట్లో ఆ ఆర్భాటమే లేదు. నాలుగేళ్ళు గడిచాక, ఇప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ ఉండే సీసా ఇదొక్కటే.

నేను తాగేది తొకుబెత్సు (అంటే ప్రత్యేక) హోంజోజో, తయారీలో కాస్త ఆల్కహాల్ కలిపే రకం. ఇందులో ఆల్కహాల్ 15.5 శాతం. నీగాటా ప్రాంతంలోని మినామి ఉవోనుమా ఊళ్ళో, 1922లో మొదలైన బ్రూవరీ వాళ్ళది. బియ్యపు గింజ 55 శాతం మిగిలేదాకా పాలిష్ పడతారు. హోంజోజో అనిపించుకోడానికి 70 శాతానికి తెస్తే చాలు. మనం వండుకునే తెల్లబియ్యంలో పోయేది దాదాపు పదోవంతే. గింజ పైపొరల్లోని కొవ్వు, మాంసకృత్తులు పోవడంతో రుచి అంత తేటగా వస్తుంది. నీగాటా వాళ్ళు ఈ తీరును 'తాన్‌రే కరకుచి' అంటారు, అంటే తేలిగ్గా, తీపి తక్కువగా ఉండేదని.

నా అభిప్రాయం మారింది వేడి చేసి తాగాకే. గిన్నెలో నీళ్ళు మరిగించి, స్టవ్ కట్టేసి, తొక్కురిని (సాకే పోసే చిన్న పింగాణి కూజా) అందులో దించుతాను. రెండు మూడు నిమిషాలకి తీసి అడుగు ముట్టుకుంటే వెచ్చగా తగలాలి, చెయ్యి వెనక్కి లాక్కునేంత కాదు. సుమారు 40 డిగ్రీలన్నమాట. ఈ వేడిని 'నురుకాన్' అంటారు. నా చెవికి అది 'నులివెచ్చన' లాగే వినిపిస్తుంది! అప్పుడు పైకి లేస్తుంది అసలు వాసన: ఉడికిన అన్నం మీద మూత తీసినట్టు, వెనకాల ఎక్కడో కాస్త పులుపు. నేను తరవాణి గుర్తొస్తోందన్నాను. మా ఆవిడ ఒక్క గుక్క తాగి, తరవాణే నయమంది.

ఒక హోటల్లో ఇదే సాకే పొగలు కక్కేలా తెచ్చిచ్చారు. ముక్కులోకి ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేం తెలియలేదు.

తిండి విషయానికొస్తే, ఉప్పురాసి కాల్చిన సాబా (మాకరెల్) చేప దీనికి సరైన జోడీ. ముద్దపప్పు, అప్పడంతోనూ బాగుంది. కొత్తావకాయ జోలికి మాత్రం పోకండి, ఆ కారం ముందు సాకే ఉన్నట్టే తెలియదు.

రెండో ఏడు ఒక పొరపాటు చేశాను. తెరిచిన సీసాని వేసవంతా స్టవ్ పక్క అలమరలో వదిలేశాను. అడుగున నీలం గీతల వలయాలుండే తెల్లకప్పులో పోసి చూస్తే పసుపు తిరిగింది, సోయాసాస్‌లాంటి వాసన. మిగిలింది చేపలు నానబెట్టడానికి వాడేశాను. అప్పట్నుంచి ఫ్రిజ్‌లోనే పెడుతున్నాను, తెరిచిన రెండు మూడు వారాల లోపే పూర్తిచేస్తున్నాను.

కిందటి చలికాలం ఆ బ్రూవరీ ఉన్న ఊరే వెళ్ళాను. దారిలో ఎచిగో-యుజావా స్టేషన్‌లో 500 యెన్లిస్తే ఐదు టోకెన్లు ఇచ్చారు. గోడ నిండా నీగాటా సాకేల మెషీన్లు, ఒక్కో టోకెన్‌కి ఒక్కో చిన్న కప్పు. పక్కనే నంజుకోడానికి రకరకాల ఉప్పులు. బ్రూవరీ వాళ్ళు 2013లో కట్టిన మంచుగది కూడా చూశాను. వెయ్యి టన్నుల మంచు పోసి, ఆ చలిలోనే సాకేని ఏళ్ళతరబడి నిలవ ఉంచుతారు. తలుపు తీయగానే కళ్ళజోడు మీద చలి పేరుకున్నట్టయింది.

720 మి.లీ. సీసా నాకు సుమారు పది రోజులొస్తుంది. 1.8 లీటర్లది లెక్కకి చవకే కానీ, మా ఫ్రిజ్‌లో పట్టదు.