మెల్‌బోర్న్ పీఎల్‌సీ, సిడ్నీ పీఎల్‌సీ, పింబుల్: అమ్మాయిని బోర్డింగ్‌లో వేయాలంటే ఏది మేలు?

ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ఆడపిల్ల ఐదో తరగతికి వచ్చేసరికి గర్ల్స్ స్కూళ్ల చర్చ మొదలవుతుంది. మెల్‌బోర్న్‌లో అయితే పీఎల్‌సీ పేరు వస్తుంది. సిడ్నీలో అయితే పింబుల్, లేదంటే క్రాయ్‌డన్‌లో ఉన్న ఇంకో పీఎల్‌సీ. పీఎల్‌సీ అంటే ప్రెస్బిటేరియన్ లేడీస్ కాలేజీ. పేరులో కాలేజీ ఉన్నా ఇవి బడులే. ప్రెస్బిటేరియన్ అంటే స్కాట్లండ్ వలసదారులు తెచ్చుకున్న ప్రొటెస్టెంట్ చర్చి. మూడు బడులనీ పెట్టింది అదే, మూడింటిలోనూ బోర్డింగ్ ఉంది, ఫీజు వింటే మూడుచోట్లా గుండె ఝల్లుమంటుంది. మార్కుల పట్టికలు ఎలాగూ అందరూ చూస్తారు. నేను వీటి చరిత్ర వైపు నుంచి చూస్తాను, ఎందుకంటే తేడాలు బాగా కనిపించేది అక్కడే.

ముగ్గురిలో పెద్దది మెల్‌బోర్న్ పీఎల్‌సీ. 1875లో మొదలైంది. మగపిల్లల స్కాచ్ కాలేజీలో చెప్పే చదువే ఆడపిల్లలకీ చెప్పాలన్నది దాని ఉద్దేశం. మెల్‌బోర్న్ యూనివర్సిటీ అప్పటికింకా ఆడవాళ్లని లోపలికి రానివ్వడం లేదు, ఆ గేటు 1880ల్లో గానీ తెరుచుకోలేదు. అంటే యూనివర్సిటీ కంటే ముందే బడి సిద్ధమైందన్నమాట. మొదటి హెడ్‌మాస్టర్ చార్లెస్ హెన్రీ పియర్సన్ చరిత్రకారుడు. పెద్ద భూస్వాముల మీద పన్ను వేయాలని బహిరంగంగా మాట్లాడాడు. పిల్లల్ని పంపే కుటుంబాల్లో భూస్వాములూ ఉన్నారు, ఊరుకుంటారా? 1877కల్లా ఆయన రాజీనామా చేయాల్సివచ్చింది. తర్వాత ఆయనే విక్టోరియాకి విద్యామంత్రి అయ్యాడు.

పాత విద్యార్థుల జాబితాలో ఈ బడిని మించింది కష్టం. వంద డాలర్ల నోటు మీద కనిపించే గాయని నెల్లీ మెల్బా ఇక్కడే చదివింది. 1903లో సెనేట్‌కి పోటీ చేసిన వీడా గోల్డ్‌స్టీన్, 1905లో ఆస్ట్రేలియాలో లాయరుగా నమోదైన మొదటి మహిళ ఫ్లోస్ గ్రెగ్ కూడా ఈ బడి పిల్లలే. ఐతే బోర్డింగ్ గురించి ఆలోచించేవాళ్లు ఇంకో విద్యార్థిని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఎథెల్ రిచర్డ్‌సన్ 1880ల్లో ఇక్కడ బోర్డర్. తండ్రి లేడు, తల్లి ఒక చిన్న ఊళ్లో పోస్టుమిస్ట్రెస్‌గా పనిచేస్తూ కూతుర్ని డబ్బున్నవాళ్ల పిల్లల మధ్యకి పంపింది. ఆ అమ్మాయి పెద్దయ్యాక హెన్రీ హ్యాండెల్ రిచర్డ్‌సన్ అనే మగపేరుతో 1910లో ఆ రోజుల మీద నవల రాసింది. నలుగురిలో కలవడానికి అబద్ధాలాడే ఒక పిల్ల కథ అది. బడి గొప్పతనం సావనీర్లలో చదవచ్చు గానీ, హాస్టల్లో పదమూడేళ్ల పిల్లకి ఉండే టెన్షన్ తెలియాలంటే ఆ నవలే చదవాలి.

ఇంకో చిక్కు ఉంది. మెల్బా తిరిగిన వరండాలు ఇప్పటి బడిలో చూడలేరు. 1958లో బడి ఈస్ట్ మెల్‌బోర్న్ వదిలి బర్వుడ్‌కి వెళ్లిపోయింది. పాత గోడలే చూడాలనుకుంటే సిడ్నీ పీఎల్‌సీకి వెళ్లాలి. 1888లో పెట్టిన ఆ బడి మూడేళ్లకి క్రాయ్‌డన్‌లోని షుబ్రా హాల్ అనే పాత బంగళాకి మారింది, నేటికీ అక్కడే ఉంది. స్కాటిష్ ముద్ర, బ్యాగ్‌పైపుల బ్యాండుతో సహా, బలంగా నిలుపుకున్నది కూడా ఇదే.

పింబుల్ క్రాయ్‌డన్ బడికి చెల్లెలు. అక్కడ చోటు చాలక 1916లో ఊరి ఉత్తరాన కొత్త బడి తెరిచారు, మొదట్లో రెండింటికీ ప్రిన్సిపాల్ ఒక్కరే, జాన్ మార్డెన్. ఇరవై హెక్టార్ల ఆవరణ, అంటే మన లెక్కలో దాదాపు యాభై ఎకరాలు. 1922లోనే నాన్సీ జాబ్సన్ ప్రిన్సిపాల్ అయింది. తర్వాత డొరొతీ నాక్స్ 1936 నుంచి 1967 దాకా నడిపింది. మెల్‌బోర్న్‌లో ఆ కుర్చీలో ఒక మహిళ కూర్చునేసరికి 1938 వచ్చింది. చదువులో ముందున్న బడి ఇందులో వెనకబడడం నాకు వింతగానే అనిపిస్తుంది.

అక్కాచెల్లెళ్ల దారులు వేరైంది 1977లో. మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు అనే మరో రెండు ప్రొటెస్టెంట్ శాఖలవాళ్లు, ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లు కలిసి యునైటింగ్ చర్చిగా ఏర్పడ్డారు. కలవనివాళ్లు ప్రెస్బిటేరియన్లుగానే మిగిలారు. ఆస్తులు పంచుకున్నారు, బడులూ పంపకానికి వచ్చాయి. మెల్‌బోర్న్, సిడ్నీ పీఎల్‌సీలు పాత చర్చికి దక్కాయి. పింబుల్ కొత్త చర్చికి వెళ్లి, పేరులోంచి ప్రెస్బిటేరియన్ మాట వదిలేసి పింబుల్ లేడీస్ కాలేజీ అయింది.

ఇది మనకెందుకు అనుకోవద్దు. యునైటింగ్ చర్చిలో మొదటినుంచీ మహిళా పాస్టర్లు ఉన్నారు. ఆస్ట్రేలియా ప్రెస్బిటేరియన్ చర్చి 1974లో మహిళలకి ఆ అవకాశం ఇచ్చి 1991లో వెనక్కి తీసుకుంది. మొదటి మహిళా లాయరు చదివిన బడి, మహిళని కొత్తగా పాస్టరుగా ఒప్పుకోని చర్చి కింద నడుస్తోంది. క్లాసులో లెక్కలు, సైన్సు చెప్పే తీరు దీనివల్ల మారదు. కానీ ప్రార్థన సభలో, బైబిలు పాఠంలో ఎవరి మాట వినిపిస్తుందో మారుతుంది, హాస్టల్ పిల్ల చెవిలో ఆ మాట ఇంటి నుంచి వచ్చే పిల్ల కంటే ఎక్కువ పడుతుంది. హిందూ, ముస్లిం ఇళ్లవాళ్లు బైబిలు క్లాసు ఉందా లేదా అని అడుగుతారు. మూడుచోట్లా ఉంటుంది. అడగాల్సింది ఎలాంటి బైబిలు క్లాసు అని.

మన కోస్తాలో మిషన్ బోర్డింగ్ స్కూళ్లంటే చదువుకునే దారిలేని పిల్లల్ని చేర్చుకున్నవి. ఆస్ట్రేలియాలో బోర్డింగ్ ఎక్కువగా పుట్టింది ఊళ్లకి దూరంగా పొలాల్లో ఉండే కలిగిన కుటుంబాల కోసం. ఇవాళ్టికీ సిడ్నీ హాస్టళ్లలో ఆ పల్లె పిల్లలు గట్టిగానే కనిపిస్తారు. దూరప్రాంతాల పిల్లలకి కేంద్ర ప్రభుత్వం అలవెన్సు కూడా ఇస్తుంది.

ఇంటినుంచి రోజూ వెళ్లొచ్చే అమ్మాయి, చదువే ముఖ్యం, వీసీఈ (విక్టోరియా రాష్ట్ర పన్నెండో తరగతి సర్టిఫికెట్)తో పాటు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) కూడా కావాలంటే నేను మెల్‌బోర్న్ పీఎల్‌సీకే ఓటేస్తాను. వారమంతా బోర్డింగ్‌లోనే ఉండే పిల్లకైతే పింబుల్: ఆడుకోవడానికి విశాలమైన చోటు ఉంది, చర్చి గొంతు కాస్త మెత్తన. సంప్రదాయం అచ్చంగా, గట్టిగా కావాలనుకునే క్రైస్తవ కుటుంబానికి క్రాయ్‌డన్ సరిపోతుంది, ఐబీ అక్కడా ఉంది. ఏ బడికి వెళ్లినా ఓపెన్ డే రోజు ప్రిన్సిపాల్ ప్రసంగం అయ్యాక, శని ఆదివారాల్లో హాస్టల్లో ఎంతమంది మిగులుతారో, వాళ్లకి అన్నం పెట్టి కబుర్లు చెప్పేది ఎవరో బోర్డింగ్ హెడ్‌ని అడగండి.